ఒక్క సభ

మా ఇంటి బొమ్మల కొలువు చూడడానికి వచ్చిన ఆడమనిషి ఎవరైనా సరే, ఒక పాట పాడి వెళ్ళాలి. మా నాయనమ్మ నాటి నుంచి వస్తున్న పద్ధతి ఇది. గొంతు బాగుండాలన్న నియమం లేదు. పాట రాదని సిగ్గుపడేవాళ్ళ చేత కూడా మా అమ్మ రెండు ముక్కలైనా పాడించి, బొట్టు పెట్టి, తాంబూలంతో పాటు ఉడికించిన శనగల సుండలు పొట్లం చేతిలో పెట్టి పంపుతుంది. మద్రాసు సౌకార్‌పేటలో మా వీధి ఆడవాళ్ళకి ఈ సంగతి తెలుసు కనుక, ఏం పాడాలో ఇంటి దగ్గరే అనుకుని బయలుదేరతారు.

సెలీనాకి తెలియదు.

ఆ సాయంత్రం నేను కొట్టు కట్టేసి ఇంటికి వచ్చేసరికి లోపల పాట వినబడుతోంది. కొలువు గదిలో ఆడవాళ్ళు కూర్చుని ఉంటే మగవాళ్ళం లోపలికి వెళ్ళం. నడవలో నిలబడ్డాను. చాప మీద పక్కింటివాళ్ళ మధ్య సెలీనా కూర్చుని ఉంది. నుదుట మా అమ్మ పెట్టిన కుంకుమ ఉంది. తమిళంలో పాడుతోంది. అది చర్చిలో పాడే పాట అని రెండో చరణంలో గాని నాకు తెలియలేదు. మా అమ్మకి తెలిసిందో లేదో మరి, నావైపు వీపు పెట్టి కూర్చుని తల ఊపుతోంది. పడకగది గుమ్మంలో నా భార్య ఇంద్రజ నిలబడి ఉంది. పాట అయ్యేదాకా ఆమె గుమ్మం మీది చెయ్యి తీయలేదు.

ఇంద్రజ చాలా ఏళ్ళు తమిళ పత్రికల్లో రిపోర్టరుగా పనిచేసింది. తర్వాత ఉద్యోగం మానేసి, మైలాపూరులో ఒక మేడగది అద్దెకు తీసుకుని యూట్యూబులో వార్తల చానెల్ పెట్టింది. అధికారంలో ఉన్నవాళ్ళకి ఆ చానెల్ నచ్చదు. అంతకుముందు అధికారంలో ఉన్నవాళ్ళకీ నచ్చేది కాదు. ఆమెని తిట్టేవాళ్ళు మొదట తెలుగుదానివి, మీ ఊరికి పో అంటారు. మావాళ్ళు ఈ ఊరు వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. ఏ ఊరికి పోవాలో మాకు తెలియదు.

ఆ ఏడు ఆమె పట్టుకున్న విషయం ఒకటే. వార్డులో పనులు నిర్ణయించే ముందు అక్కడి జనాన్ని పిలిచి సభ పెట్టాలని, వాళ్ళు చెప్పింది రాసుకోవాలని రూలు ఉంది. మా వార్డులో సభలు జరిగినట్టు కాగితాల మీద ఉంది. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. సభలు నిజంగా జరపాలని, జనం చెప్పింది అక్కడికక్కడే రాసి, అక్కడే పైకి చదివి వినిపించాలని ఆమె వీధి వీధీ తిరిగి సంతకాలు చేయించింది. కార్పొరేషన్ ఎన్నికలు వస్తాయంటున్న రోజులవి.

సెలీనా వార్డు ఆఫీసులో కాంట్రాక్టు మనిషి. ఉండేది తొండియార్‌పేటలో. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు, తల్లి. కిందటి వానాకాలంలో ఆఫీసు ముందు ఉచిత కంటి పరీక్షలు జరిగినప్పుడు కుర్చీలు వేసింది ఆమే. ఆ రోజు ఫోటోలనే సభ ఫోటోలని పైకి పంపారు. కళ్ళలో చుక్కల మందు వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చున్న ముసలివాళ్ళు ఫోటోలో ప్రజలయ్యారు. ఈ సంగతి సెలీనా ఇంద్రజకి చెప్పింది. ఇంద్రజ ఒక్కతే కెమెరా పట్టుకుని, సెలీనా ముఖం కనబడనీయకుండా, గొంతు మార్చి, వినాయక చవితి వారంలో వీడియో పెట్టింది. ఊళ్ళో అందరూ చూశారు. టీకొట్ల దగ్గర కళ్ళు మూసుకున్న సభ అని నవ్వుకున్నారు. చెప్పింది ఎవరో కనుక్కోమని కౌన్సిలర్ తన మనుషుల్ని పురమాయించాడు.

వీడియో పెట్టే ముందు ఇంద్రజ నా ఎదుటే సెలీనాకి మాటిచ్చింది. “మా ఇంట్లోంచి నీ పేరు బయటికి పోదు.”

ఆ తర్వాత సెలీనా ఫోను ఎత్తడం మానేసింది. ఫోనులో ఎవరైనా వింటారని భయం. దసరా అయ్యాక ఒక ఆదివారం మైలాపూరులో ఒక రిటైర్డు జడ్జి ముందు బహిరంగ విచారణ పెట్టాలని ఇంద్రజ ఏర్పాట్లు చేస్తోంది. ఆ వీడియో ఆధారంగానే విచారణ. దాని గురించి సెలీనాతో మాట్లాడాలి. నవరాత్రుల్లో మా ఇంటికి వచ్చే ఆడవాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు, అప్పుడు రమ్మని దారిలో ఎదురుపడి ఒక్క ముక్క చెప్పింది. ఈ సంగతి నాకు చెప్పింది. మా అమ్మకి చెప్పలేదు. అత్తమ్మకి చెప్తే వీధికి చెప్పినట్టే అంది. నేనూ ఒప్పుకున్నాను.

కనుక మా అమ్మకి తెలిసింది ఇంతే. కోడలి స్నేహితురాలు కొలువు చూడడానికి వచ్చింది. పడకగదిలో కోడలితో కాసేపు మాట్లాడి, పాట పాడకుండా వెళ్ళిపోబోయింది.

సెలీనా వెళ్ళిపోయాక ఎందుకు ఆపలేదని అడిగాను. నలుగురి ముందు వద్దంటే, ఎందుకు వద్దని అడిగేవాళ్ళు కదా అంది ఇంద్రజ. “పాటే కదండీ. పాడి వెళ్ళిపోయింది.”

మర్నాడు పొద్దున నేను కొట్లో శుభలేఖల కట్టలు విప్పుతుంటే ఫోను మోగుతూనే ఉంది. మా బంధువుల వాట్సాప్ గ్రూపు. మద్రాసు, నెల్లూరు, చిత్తూరు, బెంగళూరుల్లో ఉన్న మావాళ్ళందరూ అందులో ఉన్నారు. కొలువులో పాడినవాళ్ళని మా అమ్మ ప్రతి ఏడూ ఫోనులో తీసి అందులో పెడుతుంది. రాత్రి పడుకునే ముందు సెలీనా పాట పెట్టింది. కింద తెలుగులో రాసింది: “ఈ అమ్మాయి పేరు సెలీనా. మన ఇంద్ర స్నేహితురాలు. గొంతు వినండి.”

పిన్నులూ అత్తలూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మా అక్క ఆరతి, ఎవరమ్మా ఈ పిల్ల, ఎంత బాగా పాడిందో అని రాసింది. ఆరతి మొగుడు శ్రీరామచంద్ర ఏమీ రాయలేదు. ఆయన కూడా ఆ గ్రూపులో ఉన్నాడు, చూసే ఉంటాడు.

మా బావ శ్రీరామచంద్ర అధికార పార్టీకి మా వార్డు కార్యదర్శి. వార్డు ఆఫీసులో ఆయన కూర్చోని రోజు ఉండదు.

ఇంటికి ఫోను చేశాను. ఇంద్రజ మా అమ్మ ఫోను తీసుకుని పాటని చెరిపేసింది. అప్పటికే అందరూ చూసేశారు. మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్ళేసరికి మా అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ఇంద్రజ సంగతంతా చెప్పినట్టుంది.

“పాట బాగుందని పెట్టినా,” అంది అమ్మ నాతో. “నాకు ముందే చెప్పుంటే ఆ పిల్లని చాప మీద కూర్చోనిచ్చుందునా?”

ఇంద్రజ ఆవిడని ఏమీ అనలేదు. తప్పు నాదే అత్తమ్మా అని, కంచం పెట్టింది. ముగ్గురమూ తినలేకపోయాం.

సాయంత్రం బావ వచ్చాడు. పార్టీ రంగుల అంచున్న పంచె, చేతిలో బూందీ పొట్లం. అక్క రాలేదు. కొలువు ముందు నిలబడి దండం పెట్టుకున్నాడు. మా అమ్మ ఇచ్చిన సుండలు తిన్నాడు. ఉప్పు సరిగ్గా పడింది అత్తా అన్నాడు. మా అమ్మ అక్కడే నిలబడింది. కాసిని కాఫీ పెట్టమని ఆవిడని ఆయనే లోపలికి పంపి, మా ఇద్దరి వైపు తిరిగాడు.

“సెలీనా మా ఆఫీసు పిల్ల,” అన్నాడు.

ఖాళీ అయిన సుండలు పొట్లం విప్పి, కాగితం సాపు చేశాడు.

“ఆ వీడియోలో మాట్లాడింది ఎవురో కనుక్కోమని కౌన్సిలరు నాకే చెప్పినాడు ఇంద్రా. నెల దినాలుగా తిరగతా ఉండా. ఆడ ఈడ కాదు, మా అత్తగారింట్లోనే ఉండాదని నాకేం తెలుసు.”

“చెప్పేశారా అన్నయ్యా?” అని అడిగింది ఇంద్రజ.

“చెప్పుంటే కాఫీకి వస్తానా? కౌన్సిలరు మంచోడు కాదు. కాంట్రాక్టు తీసేసి ఊరుకోడు. ఆ పిల్ల ఉండే వీధిలో ఆయన మనుషులే ఉండారు. అది నాకూ ఇష్టం లే.” పొట్లం కాగితం మడతపెట్టాడు. “కానీ నేనేదో ఒకటి చెప్పాల కదా. వీడియో తీసేయి. నా మాట మీద తీసేసిందని చెప్తా. అంతటితో ఆయన ఎవురా అని వెతికేది ఆపతాడు. విచారణ కూడా వద్దు.”

బావ చెప్పేది బెదిరింపో, సాయమో నాకు తేలలేదు. రెండూ అనే ఇప్పటికీ అనుకుంటున్నాను. వచ్చే ఎన్నికల్లో తనకే టికెట్టు కావాలని ఆయన కోరిక. ఇంద్రజ నోరు మూయించిన మనిషిగా పేరొస్తే పార్టీలో పనికొస్తుంది. సెలీనాకి హాని జరగకూడదన్నదీ ఆయన మనసులో లేకపోలేదు.

ఇంద్రజ బొమ్మల వైపు తిరిగింది. తీసేయనని అంటుందనుకున్నాను. పోలీసు స్టేషనులో రోజంతా కూర్చోబెట్టినప్పుడు కూడా ఆమె ఒక్క వీడియో తీయలేదు.

“తీసేస్తా,” అంది. “మీరు ఒక్క సభ పెట్టించండి.”

“ఏం సభ?”

“వార్డు సభ. నిజంగా. వారం ముందు వీధుల్లో నోటీసు అంటించి, మైకు పెట్టి, జనం చెప్పింది ఆడే రాసి, ఆడే చదివి. ఒక్కసారి.”

బావ నవ్వాడు. “నీ పని నా చేత చేయిస్తావా?”

“పేరు మీదే అన్నయ్యా. ఈ ఊళ్ళో నిజంగా సభ పెట్టించినవాడు శ్రీరామచంద్ర అని చెప్పుకోండి. టికెట్టు అడిగేటప్పుడు పనికొస్తుంది.”

మా అమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు. గ్లాసు కింద పెట్టాక, తన షరతులు చెప్పాడు. వీడియో ఎందుకు తీశావని ఎవరడిగినా ఇంద్రజ చెప్పకూడదు. సభలో ఆమె మాట్లాడకూడదు. నేనూ మాట్లాడకూడదు, నేను మాట్లాడినా ఆమె మాట్లాడించిందనే అంటారు. ఇంద్రజ సరేనంది. గడప దాటుతూ బావ మా అమ్మతో, పాట మాత్రం బాగుండాది అత్తా అన్నాడు.

వీడియో తీసేసిన మర్నాడు రాహుల్ మా ఇంటికి వచ్చాడు. చానెల్‌లో ఎడిటింగు చేసే కుర్రాడు, మా దూరపు బంధువే. అతనికి సెలీనా ఎవరో తెలియదు, తెలియనీయకుండానే ఇంద్రజ పనంతా చేసింది. అతను కూర్చోలేదు.

“ఏందక్కా ఇది? ఎంత ఇచ్చినారు?”

ఇంద్రజ అతని వైపు కుర్చీ జరిపింది.

“జడ్జిగారికి నేనేం చెప్పేది? సంతకాలు పెట్టినోళ్ళకి ఏం చెప్పేది? మీ అన్నయ్య పార్టీలో ఉండాడు కాబట్టి తీసేసినావని అంటా ఉండారు. కాదని ఒక్క మాట చెప్పక్కా, నేను పోయి కొట్లాడి వస్తా.”

“చెప్పేదానికేం లేదు రాహుల్.”

మా అమ్మ నోరు తెరవబోయింది. అత్తమ్మా, రాహుల్‌కి మంచినీళ్ళు ఇవ్వండి అంది ఇంద్రజ. అమ్మ నీళ్ళు తెచ్చేలోపల రాహుల్ వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వేరే చానెల్ మొదలుపెట్టాడు. మొదటి వీడియో ఇంద్రజ మీదే. అమ్ముడుపోయినవాళ్ళ గురించి చెప్పి, ఆమె ఫోటో చూపించాడు. విచారణ రద్దయింది. ఆమెతో పాటు వీధులు తిరిగినవాళ్ళు ఎదురుపడితే పక్కకు తప్పుకోసాగారు. కొట్లో నా దగ్గర కార్డులు కొనేవాళ్ళు కొందరు, బావగారి పుణ్యమా అని ఇక మీకు భయం లేదన్నారు. అది అభినందనో, దెప్పిపొడుపో, నేను బిల్లు రాసి ఇచ్చేవాణ్ణి.

ఇంద్రజ ఆ రోజుల్లో ఇంట్లో ఎక్కువ మాట్లాడలేదు. ఒకసారి మాత్రం, జనం రాకపోతే ఏం చేయాలండీ అని అడిగింది. వస్తారన్నాను. వచ్చి మాట్లాడకపోతే అంది.

బావ మాట నిలబెట్టుకున్నాడు. దీపావళి అయిన వారానికి మా వీధి గోడల మీద నోటీసులు వెలిశాయి. సభ అన్న అక్షరాల కన్నా బావ ఫోటో పెద్దది.

సభ రోజు వాన వచ్చేలా ఉంది. వార్డు ఆఫీసు ముందు షామియానా వేశారు. మేం ముగ్గురం వెళ్ళేసరికి సగం కుర్చీలు నిండాయి. ఇంకాసేపటికి మిగతావీ నిండాయి. వేదిక మీద కౌన్సిలరు, ఇద్దరు అధికారులు, పక్కన శాలువాతో బావ. గేటు బయట నలుగురైదుగురు ఇంద్రజ అమ్ముడుపోయిందని రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒకరిద్దరు మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళు. రాహుల్ వెనకవైపు నుంచి ఫోనులో తీస్తున్నాడు.

సెలీనా అక్కడే ఉంది. మైకు అందించే పని, జనం చెప్పింది రాసే పని ఆమెకిచ్చారు. అది బావ ఏర్పాటో, కౌన్సిలరు ఏర్పాటో నాకు తెలియదు. వేదిక మీంచి కౌన్సిలరు ఆఫీసు మనుషుల్ని ఒక్కొక్కరినే చూస్తూ ఉన్నాడు. మాతో పరిచయం ఉన్నట్టు సెలీనా కన్ను కదిలినా చాలు. మావైపు రాకుండా ఆమె అవతలి చివర నిలబడింది.

ఒక అధికారి రూలు చదివాడు. కౌన్సిలరు మాట్లాడాడు. ఈ వార్డులో సభలు ఎప్పుడూ జరుగుతూనే ఉన్నాయని, కొందరు గిట్టనివాళ్ళు అబద్ధాలు ప్రచారం చేసి, తర్వాత తామే సిగ్గుపడి తీసేసుకున్నారని అన్నాడు. జనం వెనక్కి తిరిగి ఇంద్రజని చూశారు. ఆమె ముందుకే చూస్తూ ఉంది.

ఇప్పుడు మీరు చెప్పండి, ఏమన్నా కష్టాలుంటే అని కౌన్సిలరు మైకు కింద పెట్టాడు.

ఎవరూ లేవలేదు.

మా ముందు వరసలో ఉన్నవాళ్ళు రోజూ మా కొట్టు అరుగు మీద కూర్చుని కాలవల గురించీ నీళ్ళ గురించీ తిట్టుకునేవాళ్ళే. ఇప్పుడు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. కౌన్సిలరు మనుషులు షామియానా గుంజల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ఎవరు లేస్తారా అని చూస్తున్నారు. నేను లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. ఇంద్రజ నా చేతి మీద చెయ్యి వేసింది. మాటిచ్చాం అంది నెమ్మదిగా.

కౌన్సిలరు గడియారం చూసుకున్నాడు. “సంతోషం. మన వార్డులో ఎవరికీ ఏ కష్టమూ లేదు. రాసుకోండి,” అన్నాడు తమిళంలో. జనంలో ఒకరిద్దరు నవ్వారు. అధికారి కాగితాలు సర్దాడు. బావ వేదిక మీంచి మావైపు చూసి, నేను చేయగలిగింది ఇంతే అన్నట్టు శాలువా సర్దుకున్నాడు.

ఇంద్రజ చెయ్యి నా చేతి మీద చల్లగా ఉంది.

“నాకుండాది,” అని మా అమ్మ లేచింది.

ఆవిడని మాట్లాడొద్దని బావ అనలేదు. అనాలని ఎవరికీ తట్టలేదు. ఇంద్రజ ఆవిడ కొంగు పట్టుకోబోయి ఆగిపోయింది. ఆ క్షణంలో మా ఇద్దరి భయం ఒకటే. సెలీనా మైకు తీసుకుని కుర్చీల మధ్య నుంచి వస్తోంది. ఎదురుపడ్డ ప్రతి ఆడపిల్లకీ గడ్డం పట్టుకుని ఎట్లా ఉండావు మా అనడం మా అమ్మకి అలవాటు. ఆవిడ చేతిని అదుపు చేయడం ఆవిడ వల్ల కూడా కాదు.

సెలీనా వచ్చి మైకు ముందుకు చాచింది. కౌన్సిలరు ముందుకు వంగి చూస్తున్నాడు.

“మీ పేరు చెప్పండమ్మా,” అంది తమిళంలో.

మా అమ్మ ఆమెని కింది నుంచి పై దాకా చూసింది. చేతులు రెండూ కొంగులో ఉన్నాయి.

“హైమావతి,” అంది. “నువ్వెవురు మా? ఈ ఆఫీసులో ఎప్పుడూ చూడలే.”

“ఈడే పని చేస్తానమ్మా,” అంది, ఈసారి తెలుగులో.

“సరే, రాసుకో. తప్పు లేకుండా రాయి.” అమ్మ వేదిక వైపు తిరిగి అరవంలోకి మారింది. మా వీధి కొళాయిలో పొద్దున మొదట వచ్చే నీళ్ళు కాలవ కంపు కొడుతున్నాయని, కిందటి వానల నుంచి ఇంతేనని, ఆ నీళ్ళు తాగి పక్కింటి బిడ్డ ఆసుపత్రిలో పడ్డాడని, ఎవరికి చెప్పినా వస్తాం పో అంటున్నారని చెప్పింది. కౌన్సిలరు చూస్తాంలేమ్మా, కూర్చోండి అన్నాడు. అమ్మ కూర్చోలేదు.

“ఏం రాసిందో చదవమనండి,” అంది. “చదివి వినిపించాలంట కదా. మా అల్లుడు నోటీసులో వేసినాడు.”

అందరూ బావని చూశారు. బావ కౌన్సిలరు వైపు తిరిగాడు. చదవనీండి సార్ అన్నాడు.

సెలీనా కాగితం పైకెత్తి చదివింది. పేరు, వీధి, కొళాయి, కాలవ కంపు, పక్కింటి బిడ్డ. మొదటి వాక్యంలో గొంతు తడబడింది. రెండో వాక్యానికి సర్దుకుంది. చదివినంతా విని, అంతే, సరిగ్గా రాసినావు అని మా అమ్మ కూర్చుంది. ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

ముందు వరసలో రోజూ మా అరుగు మీద కూర్చునే కాళిముత్తు చెయ్యెత్తాడు. వెనక నుంచి ఇంకెవరో లేచారు. సెలీనా కాగితం తిప్పి, మా అమ్మ వైపు చూడకుండా, మైకు తీసుకుని కాళిముత్తు దగ్గరికి నడిచింది.